మాంచెస్టర్ బదిలీ

నాకు భయం వేస్తే నోరు ఊరుకోదు. కొందరికి కాళ్ళు వణుకుతాయి, కొందరికి అన్నం సయించదు, నాకు జోకులు వస్తాయి. ఆ ఏడాది చివర్లో నేను వేసినన్ని జోకులు అంతకు ముందెప్పుడూ వెయ్యలేదు. దాన్నిబట్టి ఎంత భయపడ్డానో మీరే ఊహించుకోండి.

రెండువేల సంవత్సరం వస్తోంది. ఆ తేదీ చూడగానే కంప్యూటర్లన్నీ మతి తప్పి వందేళ్ళు వెనక్కి పోతాయని, కరెంటు ఆగుతుందని, విమానాలు రాలిపోతాయని లోకమంతా అనుకుంటోంది. మేము సిడ్నీలో, బ్లాక్‌టౌన్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, ఓ అద్దె ఫ్లాట్లో ఉంటున్నాం. మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, ఆ మతి తప్పబోయే కంప్యూటర్లకు ముందుగానే మందు వెయ్యడానికి ఇక్కడి బ్యాంకు ఒకదాంట్లో కాంట్రాక్టు మీద చేరాడు. నేను గుడివాడలో ఎనిమిదో తరగతితో ఆపేశాను. లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరం బడి మానెయ్యాల్సి వచ్చింది. ఆయనకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు కదా అని నేనే మానేశాను.

మాకొక పాప, నాలుగేళ్ళది. చైల్డ్‌కేర్‌లో వేసిన కొత్తలో గేటు కమ్మీలు పట్టుకుని ఏడ్చేది. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నేను రైలెక్కేదాన్ని. అప్పుడప్పుడే ఏడుపు మానింది.

బావ కాంట్రాక్టు కొత్త సంవత్సరం దాకానే. కంప్యూటర్లు బాగా పనిచేస్తే పని అయిపోయినట్టు, పనిచెయ్యకపోతే పరువు పోయినట్టు. ఎటు తిరిగినా జనవరిలో ఇంట్లో కూర్చోవడమే. అందుకని నేను సిటీలో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో, క్రిస్మస్ రద్దీకి తీసుకునే తాత్కాలికపు పనిలో చేరాను. ఆడవాళ్ళ బట్టల సెక్షన్లో, ట్రయల్ రూముల గుమ్మం దగ్గర నిలబడాలి. లోపలికి ఎన్ని బట్టలు వెళ్ళాయో అన్నీ బయటికి రావాలి, అంతే. ఆ ఏడాది ఫ్యాషనంతా వెండి రంగే. వెండి జాకెట్లు, వెండి చెప్పులు, మోకాలి కింద ఆగిపోయిన ప్యాంట్లు. కొత్త శతాబ్దంలోకి రాకెట్ ఎక్కి వెళ్తున్నట్టు తయారయ్యేవాళ్ళు. అద్దంలో చూసుకుని "బావుందా?" అని నన్నడిగేవాళ్ళు. "బావుంది, ఇక హెల్మెట్ ఒక్కటే తక్కువ" అని తెలుగులో చెప్పి నవ్వేదాన్ని. వాళ్ళూ నవ్వి కొనుక్కునేవాళ్ళు.

మా సూపర్‌వైజర్ పెద్దావిడ, ఇక్కడే పుట్టి పెరిగిన తెల్లావిడ. అందరినీ "లవ్" అని పిలుస్తుంది. మొదటి రోజు నాకు సిగ్గేసింది, రెండో రోజు అలవాటైపోయింది. ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగానికి తల ఊపేదాన్ని. "అర్థమైందా?" అంటే అవునని తల ఊపడం ఒక్కటే నేను బడిలో పూర్తిగా నేర్చుకున్న సబ్జెక్టు.

శతాబ్దం అయిపోతోందని స్టోర్ వాళ్ళు వీధి వైపు అద్దాల కిటికీల్లో పాతకాలం ఫ్యాషన్లు పెట్టారు. ఒక్కో కిటికీలో ఒక్కో కాలం. అందులో ఒకటి రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అప్పట్లో అమెరికా సైనికులు సెలవులకు సిడ్నీకే వచ్చేవాళ్ళట, వాళ్ళ వెంట అమెరికా ఫ్యాషన్లూ దిగాయట. భుజాలు ఎత్తుగా కుట్టిన కోటు, గుడ్డ రేషన్ కాబట్టి ఒక్క కుచ్చు కూడా లేని బిగుతు గౌను, తలమీద పల్లెం బోర్లించినట్టు టోపీ. ఆ బొమ్మ వెనక ఒక గది అమర్చారు. కుర్చీ, రేడియో, కిటికీకి నల్లటి మందపు పరదా. ఆ పరదా వల్లో ఏమో, పగలు కూడా ఆ గదిలో అర్ధరాత్రిలా ఉండేది.

క్రిస్మస్‌కి కొద్ది రోజుల ముందు, పని మొదలయ్యే వేళకి, సూపర్‌వైజరమ్మ నన్ను ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. బొమ్మ మీద దుమ్ము దులుపుతూ కబుర్లు చెప్పింది. యుద్ధంలో మేజోళ్ళు దొరక్క ఆడవాళ్ళు కాళ్ళకు గోధుమరంగు పూసుకుని, వెనక పెన్సిల్‌తో మేజోటి కుట్టులా గీత గీసుకునేవాళ్ళట.

"మాకు ఆ రంగు దేవుడే పూసి పంపాడు" అన్నాను నా ఇంగ్లీషులో. ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది:

"క్రిస్మస్ అవగానే నిన్ను మాంచెస్టర్‌కి పంపిస్తున్నా, లవ్. బాగా చేస్తే పర్మనెంట్."

నేను తల ఊపాను.

"మా అమ్మ కూడా యుద్ధమంతా మాంచెస్టర్‌లోనే పనిచేసింది. బ్లాకౌట్‌తో ఊపిరాడేది కాదట. అయినా చాలా ఇష్టపడేది" అంది.

దానికీ తల ఊపాను.

సాయంత్రం ఇంటికెళ్ళి, బావ అన్నం ముందు కూర్చున్నాక చెప్పాను.

"బావా, నన్ను మాంచెస్టర్ పంపిస్తారంట."

"ఏ మాంచెస్టర్?"

"ఎన్నున్నాయేంటి?"

"నాకు తెలిసి ఇంగ్లండ్‌లో ఒక్కటే ఉంది. ఎవరన్నారు?"

"మా సూపర్‌వైజరమ్మ. పర్మనెంటంట."

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్ళు. బట్టల కొట్లో గుమ్మం దగ్గర నిలబడేదాన్ని సముద్రాలు దాటించి ఎవడు పంపుతాడు అని అడిగేవాళ్ళు. కానీ మా లోకం వేరు. మాకు తెలిసినవాళ్ళందరూ కంప్యూటర్ల వాళ్ళే. శుక్రవారం పిలిచి సోమవారానికి పెర్త్ పొమ్మంటారు, పెర్త్‌లో సామాను విప్పేలోగా లండన్ అంటారు. మా ఇళ్ళల్లో ఊరి పేరు వినపడిందంటే అది బదిలీయే, దానికి ఇంకో అర్థం లేదు. అందుకే బావ నవ్వలేదు. కూర కలుపుకుంటూ ఆలోచించాడు.

"అక్కడ వాళ్ళ బ్రాంచి ఉండుంటుంది. నిన్ను క్లయింట్ సైట్‌కి వేస్తున్నారన్నమాట."

"నేనెవరికి క్లయింటు బావా? గౌన్లు లెక్కపెడతాను."

"ఎప్పుడంట?"

"క్రిస్మస్ అవగానే."

అప్పుడు బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. "కొత్త సంవత్సరానికి ముందా, తర్వాతా?"

"అడగలేదు."

"ఎందుకడగలేదే?"

"వాళ్ళమ్మని యుద్ధంలోనే పంపించారంట. బ్లాకౌట్ అంట. అంటే ఏంటి?"

"పైనుంచి బాంబులేసేవాళ్ళకి ఊరు కనపడకుండా దీపాలన్నీ ఆర్పేసి, కిటికీలకి నల్లగుడ్డ కట్టేస్తారు" అన్నాడు మెల్లగా.

ఆ నల్ల పరదా కళ్ళముందు ఆడింది. బాంబులు పడుతుంటేనే ఆడవాళ్ళని పంపించిన కొట్టుకి, విమానాలు రాలుతాయంటే లెక్కా? నేను ఊరుకోలేక అడిగాను, "నువ్వు ఇన్నాళ్ళూ బాగుచేస్తున్నది ఈ విమానాలనేగా బావా. నీ పని మీద నీకు నమ్మకం లేదా?"

"నేను చూసింది బ్యాంకు. బ్యాంకు సంగతి నాకు తెలుసు. విమానాలని నాలాంటోడే ఇంకెవడో చూశాడు. అదే నా భయం."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక పాప కంచంలో నెయ్యి రెండోసారి వేశాను.

ఆదివారం మా తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళాం. అక్కడ అప్పటికే లోకాంతం గురించి గట్టిగా నడుస్తోంది. ఒక ఆంటీ అయితే గ్యారేజీ నిండా బియ్యం, కొవ్వొత్తులు, మినరల్ వాటర్ దించేసి, "మనం పరలోకం వెళ్ళేదాకా ఇక్కడ తినాలిగా" అంటున్నారు. బావ ఆగలేక నా సంగతి చెప్పేశాడు. ఆంటీ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మాంచెస్టరా? మా తోటికోడలి తమ్ముడు అక్కడే ఉన్నాడమ్మా. గది చూసిపెడతాడు. చలి మాత్రం ఎముకలు కొరుకుతుందంట."

"ఎముకలేనా ఆంటీ, మిగతాది వదిలేస్తుందా?" అన్నాను.

"నీ నోటికి తాళం లేదు" అని, మరుసటి వారం దాకా ఆగకుండా అదే సాయంత్రం ఇంటికి వచ్చి మందపాటి ఉన్ని స్వెట్టర్ ఇచ్చి వెళ్ళారు. సిడ్నీలో క్రిస్మస్ అంటే నడి ఎండాకాలం. ఆ స్వెట్టర్ సోఫా మీద ఉంటే, గదిలో ఎవరో కొత్తమనిషి కూర్చున్నట్టే ఉండేది. అంతకు ముందు కూటంలో అందరూ లేచి నిలబడి నా ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేసేశారు. ప్రార్థన అయిపోయాక బదిలీ ఖాయమైపోయినట్టే.

సూపర్‌వైజరమ్మని అడిగితే పోయేది కదా అని మీకు అనిపిస్తుంది. అడగలేకపోయాను. తల ఊపిన రోజే అర్థంకాలేదని చెప్పాలి. తర్వాత అడిగితే, "ఇన్నాళ్ళూ ఇది ఏమీ అర్థం కాకుండానే తల ఊపుతోందా" అని ఆవిడకి తెలిసిపోతుంది. ఉన్న పని కూడా పోతుంది. వెళ్ళనంటే పని లేదు, జనవరి నుంచి ఇంట్లో ఎవరికీ సంపాదన లేదు. వెళ్తానంటే విమానం. విమానం దిగినా, పాప ఇక్కడ, నేను అక్కడ. రోజంతా ట్రయల్ రూముల దగ్గర నిలబడి ఈ రెంటి మధ్యా తిరిగేదాన్ని. వెండి జాకెట్లవాళ్ళు "బావుందా?" అంటే "బావుంది" అని మాత్రమే అనేదాన్ని.

పాపకి మేమేమీ చెప్పలేదు. కానీ పిల్లలకి చెప్పాలా? ఒక పొద్దున చెప్పులు తొడుగుతుంటే నా మెడ చుట్టూ చేతులేసి ఇంగ్లీషులో అడిగింది. అప్పటికే అది తెలుగులో వినేది, ఇంగ్లీషులో పలికేది.

"మమ్మీ, ఆర్ యూ గోయింగ్ ఇన్ ద ప్లేన్?"

"ఎవరు చెప్పారు?"

"విల్ ఇట్ ఫాల్ డౌన్?"

రెండో చెప్పు కూడా తొడిగేశాను. చైల్డ్‌కేర్ గేటు దగ్గర అది మళ్ళీ కమ్మీలు పట్టుకుంది. ఈసారి ఏడవలేదు. పట్టుకుని నావంక చూస్తూ నిలబడింది. ఏడిస్తే వేళ్ళు విడదీసి పోయేదాన్ని. ఆ చూపు ముందు నావల్ల కాలేదు. టీచరమ్మ వచ్చి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

రైల్లో కూర్చుని ఇంగ్లీషు మాటలు పేర్చుకున్నాను. స్టోర్‌కి వెళ్ళగానే సూపర్‌వైజరమ్మ ముందు నిలబడి, గబగబా అప్పజెప్పేశాను.

"నో మాంచెస్టర్, ప్లీజ్. మై డాటర్ ఈజ్ స్మాల్."

ఆవిడ ముఖంలో ఆశ్చర్యం కనపడింది, కొంచెం బాధ కూడా. పిల్లది చిన్నది అంటే పని గంటల గురించి అనుకుందని తర్వాత తెలిసింది. "పర్వాలేదు, లవ్. నీకు కుదరకపోతే కుదరదు" అని నా చెయ్యి తట్టి వెళ్ళిపోయింది.

గుండెల మీంచి ఒక బండ దిగింది, వెంటనే ఇంకోటి ఎక్కింది. క్రిస్మస్ ముందు రోజుతో నా పని ఆఖరు. ఇంటికి వెళ్ళి చెబితే బావ లేచి సోఫా మీది స్వెట్టర్ మడతపెట్టాడు. తర్వాత, "మంచిపని చేశావే" అన్నాడు. ఆ గొంతు విన్నాక, మంచిపని చెయ్యలేదేమో అనిపించింది.

ఆ ఆఖరి రోజు స్టోర్‌లో జనం విరగబడ్డారు. ట్రయల్ రూముల దగ్గర నాతోపాటు ఫిజీ నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది, తాతముత్తాతలు మన దేశం వాళ్ళే. తనది ఫిజీ హిందీ, నాది వచ్చీరాని హిందీ, వాటితోనే మాట్లాడుకునేవాళ్ళం. ఒక ముసలాయన, చేతిలో దిండు గలేబు పట్టుకుని, నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"మాంచెస్టర్ ఎక్కడమ్మా?"

ఈయన్ని కూడా పంపిస్తున్నారా అని జాలేసింది. "ఇంగ్లండ్" అన్నాను.

ఆయన నవ్వాడు. "అంత దూరం నడవలేను. ఏ అంతస్తు?"

నేను నోరు తెరిచేలోగా ఫిజీ అమ్మాయి పైకి చెయ్యి చూపించి, "మూడో అంతస్తు, లిఫ్ట్ పక్కన" అంది. ఆయన వెళ్ళిపోయాడు.

"మూడో అంతస్తులో ఏముంది?" అని హిందీలో అడిగాను.

"మాంచెస్టర్. దుప్పట్లు, తువ్వాళ్ళు, గలేబులు. పండగ తర్వాత సేల్‌కి నేనూ అక్కడికే. నిన్న చెప్పిందావిడ. ఎవరో వద్దన్నారంట, పిచ్చిది."

ఆ పిచ్చిది నేనేనని చెప్పలేదు. చేతిలో ఉన్న గౌన్లు ఆ అమ్మాయి చేతిలో పెట్టి ఎస్కలేటర్ ఎక్కాను. నేను పనిచేసేది కింద, తినేది అంతకన్నా కింద. మూడో అంతస్తులో నాకేం పని అని ఏనాడూ పైకి పోలేదు. ఎక్కుతున్నంతసేపూ విమానం అంటేకూడా వెయ్యనంత భయం వేసింది. విమానం పడితే నా తప్పు కాదు. ఈ పని పోతే మాత్రం తప్పు పూర్తిగా నాదే.

పైన నా ఎత్తున్న అక్షరాలు కనపడ్డాయి, కూడబలుక్కుని చదివాను, మాంచెస్టర్. దాని కింద తెల్లటి దుప్పట్ల గుట్టలు, రంగురంగుల తువ్వాళ్ళు, మడతలు పెట్టిన బొంతలు, అలంకరించిన పడకలు. మధ్యలో సూపర్‌వైజరమ్మ, చేతిలో ధరల చీటీలతో. సేల్‌కి ఈ సెక్షన్ కూడా ఆవిడదేనట.

"దిస్ ఈజ్ మాంచెస్టర్?" అన్నాను.

"అవును, లవ్."

"ఐ థింక్... ఏరోప్లేన్." చేత్తో విమానం చూపించాను. "ఇంగ్లండ్."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ధరల చీటీలు కింద పెట్టేసి, పడక అంచున కూర్చుండిపోయింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ భయం మోసుకునే ఇన్ని రోజులూ తిరిగావా?" అంది. అప్పుడు మెల్లమెల్లగా, నాకు ఒక్కో మాటా అందేలా చెప్పింది. వెనకటి రోజుల్లో దుప్పటిగుడ్డ అంతా ఆ ఊరినుంచి ఓడల్లో వచ్చేదట. గుడ్డకు ఆ ఊరి పేరే నిలిచిపోయిందట. వాళ్ళమ్మ యుద్ధంలో ఇదే అంతస్తులో నల్లటి పరదాగుడ్డ గజాల లెక్కన కోసి అమ్మేదట. కొనడానికి జనం మెట్లదాకా నిలబడేవాళ్ళట.

నా బుర్రని నేనే కొట్టుకోవాలనిపించింది. వెంకటగిరి కట్టుకున్నానంటే ఊరు చుట్టుకున్నట్టా? పెళ్ళికి బెనారస్ తీశారంటే కాశీ కొనేశారా? పుట్టినప్పటినుంచీ ఊళ్ళ పేర్లు ఒంటిమీద కట్టుకు తిరిగినదాన్ని. కంప్యూటర్ల వాళ్ళ మధ్య ఉండి ఉండి, ఊరి పేరు వినగానే పెట్టె సర్దుకోవడం ఒక్కటే గుర్తుండిపోయింది.

"ఐ వాంట్ మాంచెస్టర్" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఆడించింది. "ఇంకొకరికి మాటిచ్చేశాను." చీటీలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "సేల్‌కి ఇద్దరూ రండి. సేల్ అయ్యాక ఒక్కరినే ఉంచుకోగలను" అంది.

ఇంటికెళ్ళి చెబితే బావ మొదట నమ్మలేదు, తర్వాత స్వెట్టర్ మీద ముఖం పెట్టుకుని నవ్వాడు, ఆ తర్వాత "ఒక్కరినేనా?" అన్నాడు. నవ్వు అక్కడితో ఆగింది.

కొత్త సంవత్సరం రాత్రంతా బావ బ్యాంకులోనే ఉన్నాడు. తెల్లారాక ఫోన్ మోగింది. లైటు వెలుగుతూనే ఉంది, కుళాయిలో నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"ఏమైంది బావా?"

"ఏమీ జరగలేదు."

"మరి అలా మాట్లాడతావేం?"

"ఏమీ జరగలేదే. ఒక్కటి కూడా చెడిపోలేదు. వచ్చే వారం చివరికి అందర్నీ పంపించేస్తారంట."

లోకమంతా ఊపిరి పీల్చుకున్న పొద్దున మా ఇంట్లో ఊపిరి బిగబట్టాం. ఆంటీ ఫోన్ చేసి, "దేవుడు కరుణించాడమ్మా, ఈ బియ్యం ఏం చెయ్యాలో తెలియట్లేదు" అన్నారు. "మాకు పంపండి ఆంటీ" అన్నాను. జోకనుకుని ఆవిడ నవ్వారు.

సేల్ జనవరి అంతా సాగింది. తలుపులు తెరవగానే జనం తువ్వాళ్ళ మీదకి దూకేవాళ్ళు. నేను మడతపెట్టిన దుప్పటి పక్కనే ఫిజీ అమ్మాయి మడతపెట్టినది పెట్టేది. ఆ పిల్ల చేతులు నాకన్నా చురుకు, ఇంగ్లీషు నాకన్నా నయం. ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర నవ్వుతూ మాట్లాడుకునేవాళ్ళం, కానీ ఆ ఒక్కరి సంగతి మాత్రం ఎత్తేవాళ్ళం కాదు. ఆ పిల్లకీ అత్తగారింట్లో అవసరాలు ఉన్నాయని నాకు తెలుసు. ఎవరైనా కస్టమర్ తనని మెచ్చుకుంటే నేను మడతపెట్టినవి ముందుకు జరిపేదాన్ని. అలా జరిపినందుకు సిగ్గేసేది. సాయంత్రం ఇంటికెళ్తే బావ ఫోన్ పక్కన కూర్చుని ఉండేవాడు. పాప ఆయన ఒళ్ళో ఉండేది. మోగని ఫోన్ వంక ఇద్దరూ చూస్తుండేవాళ్ళు.

సేల్ ఆఖరి రోజు సూపర్‌వైజరమ్మ ముందు ఆ అమ్మాయిని పిలిచింది. దిండ్ల అరల వెనక వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఆ పిల్ల తిరిగొచ్చి, నావంక చూడకుండా సంచీ భుజాన వేసుకుంది. దాన్నిబట్టి ఏమీ తేలలేదు. పని దొరికినవాళ్ళూ సిగ్గుతో అలాగే చూడరు, పోయినవాళ్ళూ చూడరు. అదీగాక ఇద్దరినీ తీసెయ్యనూ వచ్చు.

తర్వాత నన్ను పిలిచింది. నడుస్తుంటే నేల మెత్తగా, ఎవరి పరుపు మీదో నడుస్తున్నట్టుంది.

"నువ్వు మాంచెస్టర్‌లో ఉంటున్నావు, లవ్" అంది.

తల దానంతటదే ఊగబోయింది. మెడ బిగించి ఆపాను. ఈ చెవులకి ఆ వాక్యం ఒకసారి వినపడింది, దాంతో ఏమైందో చూశాను.

"స్లో... అగెయిన్ ప్లీజ్," అన్నాను. "హూ? విచ్ ఫ్లోర్?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, రెండో చేతివేలితో మా ఇద్దరి కాళ్ళ మధ్య నేల చూపించింది.

"నువ్వే," అంది. "ఇక్కడే."